ముసురు పట్టాకే కారే చిమ్నీ: ఒక లీకేజీ కేస్ స్టడీ

కప్పు లీకేజీల్లో చిమ్నీ పక్కన వచ్చేవే ఎక్కువ సతాయిస్తాయి. వాలు కప్పు చెక్కతో కట్టింది, ఎండకీ తేమకీ ఒకలా కదులుతుంది. పునాది నుంచి లేచిన ఇటుక కట్టడం ఇంకోలా కదులుతుంది. ఈ రెండూ కలిసే చోట నీటిని ఆపేది పలచటి ఫ్లాషింగ్ రేకు. అందుకే మరక కనపడగానే అందరి చూపూ రేకు మీదికే పోతుంది. చాలా ఇళ్ళలో ఆ అనుమానం నిజమే అవుతుంది కూడా. ఈ కేసులో మాత్రం రేకు మొత్తం మార్చారు, దాని మీద తారు పూశారు, ఆ పైన సిలికాన్ పెట్టారు, అయినా కారడం ఆగలేదు. రేకులో తప్పేమీ లేకపోయినా చిమ్నీ కారుతుందని ఇంటివాళ్ళకీ మేస్త్రీలకీ తెలియాలనే దీన్ని పూర్తిగా రాస్తున్నాను.

ఇల్లు, దాని చరిత్ర

రెండంతస్తుల ఇల్లు. వాలు కప్పు మీద చదును పెంకులు, వాటి కింద తారు ఫెల్ట్, దాని కింద చెక్క పలకలు, వాసాలు. చిమ్నీ నడికొప్పు దగ్గర కాకుండా వాలు మధ్యలో లేస్తుంది. కప్పు పైన మీటరున్నర ఎత్తు ఉంటుంది, వాలుకి అడ్డంగా 90 సెంటీమీటర్ల వెడల్పు. లోపల రెండు పొగ గొట్టాలు. ఒకటి ఇప్పటికీ వాడుతున్న కట్టెల పొయ్యిది. రెండోది ఎప్పుడో వాడటం మానేసి పైన రాతి పలకతో గట్టిగా మూసేసింది.

మరక పై గదిలో ఉంది, చిమ్నీ గోడ సీలింగ్‌ని కలిసే చోట. మధ్యలో గోధుమ రంగు, చుట్టూ ముదురు అంచు, దాని కింద గోడ మీద ఉప్పు పొంగి ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలుతోంది. నాకన్నా ముందు వచ్చినవాళ్ళందరూ ఆ మరక కొలత తీసుకుని, కప్పెక్కి, సరిగ్గా దాని పైనున్న చోట ఏదో ఒకటి పూసి దిగారు. కప్పులో దూరిన నీళ్ళు ఫెల్ట్ మీద జారి, పలక అంచున దారి దొరికితే వాసం వెంబడి నడిచి, మేకు తగిలిన చోట బొట్టుగా రాలతాయి. దూరిన చోటికీ రాలిన చోటికీ మీటర్ల తేడా ఉండొచ్చు. కాబట్టి మరకని నేను ఫిర్యాదుగా తీసుకుంటాను కానీ చిరునామాగా తీసుకోను.

ఎప్పుడు కారుతోంది?

నిచ్చెన వేసే ముందు ఆ ఇంటి పెద్దావిడతో కూర్చున్నాను. "అమ్మా, ఎలాంటి వానకి కారుతోంది? మొదలైన ఎంతసేపటికి?" అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎక్కడ కారుతోందో చూపించమని అందరూ అడిగారు బాబూ, ఎప్పుడని ఎవరూ అడగలేదు" అన్నారు. తర్వాత ఆవిడ చెప్పింది దాదాపు సగం కేసు తేల్చేసింది.

కుండపోతగా కురిస్తే కొద్ది నిమిషాల్లోనే చిమ్నీకి ఎగువ వైపు మూలన టపటపా చుక్కలు పడతాయి, వాన తగ్గగానే ఆగిపోతాయి. ముసురు పట్టినప్పుడు కథ వేరు. మొదటి రోజంతా ఏమీ ఉండదు. రెండో రోజు గోడ తడెక్కి సీలింగ్ మూల నుంచి కారడం మొదలవుతుంది, వాన వెలిసినా ఆగదు, మర్నాటిదాకా కారుతూనే ఉంటుంది. ఇక మూడోది ఆవిడ చివర్లో, ఇది చెప్పొచ్చో లేదో అన్నట్టు చెప్పారు: ఒక్కోసారి వానే ఉండదు, ఉక్కపోతగా ఉన్న రోజుల్లో గోడ దానంతటదే నల్లబడుతుంది.

ఒకే మరక, మూడు వేర్వేరు వేళలు. వెంటనే వచ్చి వెంటనే ఆగే నీటికి దారి సూటిగా, దగ్గరగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా ఆగేది ఎక్కడో నిలవ ఉండి వస్తోంది. వాన లేకుండా వచ్చే తడికి కప్పుతో సంబంధమే లేకపోవచ్చు. ఇలాంటప్పుడు ఒక కారణం దొరకగానే పని అయిపోయిందనుకుంటే మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి. వాన మొదలైన వేళ, గాలి వీచిన దిక్కు, మొదటి చుక్క పడిన వేళ, ఆగిన వేళ, ఆ రోజు పొయ్యి వెలిగించారా లేదా అన్నవి నోట్‌బుక్‌లో రాసిపెట్టమని ఆవిడని కోరాను. ఎంత ఓపిగ్గా రాశారో! ఆ పేజీలు నా పరికరాలన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చాయి. పొయ్యి వెలిగించని ముసురు రోజుల్లో కూడా కారిందని అందులో ఉంది. అంటే పొగలోని ఆవిరి చల్లటి గొట్టం గోడలకి నీరుగా చేరి దిగుతోందన్న అనుమానం అక్కడితో చాలావరకు తీరింది.

అటకలో

మంచి టార్చి పట్టుకుని ముందు అటక చూడాలి, అదీ వాన పడని రోజు ఒకసారి, పడే రోజు ఒకసారి. పొడి రోజున పాత నీటి దారులు కనపడతాయి. చిమ్నీకి ఎగువన అడ్డంగా ఉన్న వాసం మీద నల్లటి చారలు, తుప్పు పట్టిన మేకులు ఉన్నాయి. అవి కుండపోత లీకేజీ దారి. స్క్రూడ్రైవర్ గుచ్చితే చెక్క ఇంకా గట్టిగానే ఉంది కానీ మీటర్‌లో తేమ 26 శాతం చూపించింది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పట్టదు. దానికి పైన ఎక్కువకాలం ఉంటే భయపడాల్సిందే.

నన్ను ఎక్కువసేపు ఆపింది చిమ్నీ ఇటుక. కప్పు దాటి కిందికి దిగాక, అటక లోపలున్న భాగంలో, గాలివాన కొట్టే వైపు ముఖం మీద మాత్రమే తెల్లటి ఉప్పు చారలు జాయింట్ల నుంచి కిందికి జారి ఉన్నాయి. పక్కనున్న పలకలు మాత్రం పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. రేకు దగ్గర నీళ్ళు దూరితే ముందు చెక్క తడవాలి. ఇక్కడ చెక్క తడవకుండా ఇటుక తడుస్తోంది.

నల్లటి మసి చారల కోసం కూడా వెతికాను. అవి ఉంటే గొట్టం పగిలి పొగ బయటికి వస్తున్నట్టు. అలాంటప్పుడు లీకేజీ సంగతి పక్కన పెట్టి ముందు పొయ్యి ఆపించాలి, విషవాయువుతో ప్రాణాల మీదికి వస్తుంది. ఇక్కడ అలాంటివేమీ లేవు, గొట్టంలోకి కెమెరా దించి చూసినా సరిగ్గానే ఉంది. ఒక మాట, చిమ్నీకీ వాసాలకీ మధ్య వదిలిన ఖాళీని నీళ్ళు ఆపుదామని ఫోమ్‌తో నింపేవాళ్ళుంటారు. అది మంటకి రక్షణగా కనీసం 50 మిల్లీమీటర్లు వదిలే ఖాళీ. దాన్ని ఎప్పుడూ నింపకూడదు.

థర్మల్ కెమెరాతోనూ చూశాను. సీలింగ్ మూలన చల్లటి పట్టీ కనపడింది. కానీ ఆ కెమెరా నీటిని చూడదు, ఉష్ణోగ్రత తేడాని చూస్తుంది. సందులోంచి గాలి వీచినా అలాగే చల్లగా కనపడుతుంది. ఎక్కడ తరచి చూడాలో చెప్పడానికే దాన్ని వాడతాను, తీర్పు చెప్పడానికి కాదు.

వాన లేని రోజు తడి

ఇది చిన్న పరీక్షతో తేలిపోయింది. ఏళ్ళ తరబడి మసి పట్టిన ఇటుకలోంచి తడి నడిస్తే మసిలోని లవణాలు కరిగి ప్లాస్టరింగ్ దాకా వస్తాయి. వాటిలో కొన్ని గాలిలోని తేమని పీల్చుకునే రకం. గోడ నుంచి ప్లాస్టరింగ్ పొడి కొంచెం, దూరంగా మంచి గోడ నుంచి అంతే కొంచెం తీసుకుని రెండింటినీ ఆరబెట్టి తూచాను. తర్వాత ఒక మూత డబ్బాలో, ఇంక కరగనంతగా ఉప్పు కలిపిన నీటి గిన్నె పక్కన ఉంచాను. అలాంటి ఉప్పునీళ్ళు మూసిన డబ్బాలో గాలి తేమని 75 శాతం దగ్గర నిలబెడతాయి. కొన్ని రోజుల తర్వాత మంచి గోడ పొడి బరువు దాదాపు మారలేదు, మరక దగ్గరి పొడి మాత్రం బాగా బరువెక్కింది. అంటే ఆ ప్లాస్టరింగ్ కప్పు ఎంత బాగుచేసినా ఉక్కపోత రోజున తడవక మానదు. ఉప్పు ఉన్న గోడ మీద విద్యుత్‌తో తేమని కొలిచే మీటర్ కూడా ఉన్నదానికన్నా ఎక్కువ తేమ చూపిస్తుంది. ఈ సంగతి తెలియక మంచి కప్పుని తప్పుపట్టిన సందర్భాలు చాలా చూశాను.

నీళ్ళ పరీక్ష

పైపుతో నీళ్ళు కొట్టి చూడటం అందరూ చేసేదే. ఎక్కువమంది నేరుగా చిమ్నీ నెత్తి మీద కొడతారు, నీళ్ళు కిందిదాకా అన్నిటినీ తడుపుకుంటూ పోతాయి, లోపల కారుతుంది, దేని వల్ల కారిందో మాత్రం తెలియదు. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నే తడుపుతూ పైకి పోవాలి. ధార జోరుగా కొట్టకూడదు, వాన పడ్డట్టు పారాలి. ఒక్కో చోట 20, 30 నిమిషాలు ఆగాలి. లోపల టార్చి, ఫోన్ పట్టుకుని ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి. నా దగ్గర పనిచేసే కుర్రాడు అటకలో కూర్చున్నాడు, నేను పైన.

దిగువ వైపు రేకు, పక్కల పెంకు వరసకో ముక్క చొప్పున మెట్లు మెట్లుగా ఎక్కే రేకులు, వాటి మీదికి ఇటుక జాయింట్ లోంచి వంచి దించిన పై రేకు, అన్నీ దాటాం. లోపల చుక్క లేదు. రేకు కొత్తది, పనితనం కూడా బాగానే ఉంది.

ఎగువ వైపు చిమ్నీ వెనక ఎండుటాకులు, నాచు, పెంకు ముక్కలు పేరుకుని గట్టులా తయారయ్యాయి. అది చూడగానే శుభ్రం చేయాలనిపిస్తుంది. పరీక్ష అయ్యేదాకా ముట్టుకోకూడదు, ఆ చెత్తే సాక్ష్యం. సన్నటి ధారకి ఏమీ కాలేదు. కుండపోతని తలపించేలా ధార పెంచగానే చెత్త వెనక నీళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తున నిలిచాయి. ఆ నీళ్ళలో పచ్చటి రంగు కలిపాను. కాసేపటికే అటకలోంచి కేక వినపడింది: "సార్, పచ్చ చుక్క!" వెనక వైపు రేకు పెంకుల కిందికి ఒక జానెడు కూడా పోలేదు, నిలిచిన నీళ్ళు దాని పై అంచు దాటి వెనక్కి ఎక్కాయి. చెత్త తీసేసి మళ్ళీ అదే ధార పెడితే లోపల పొడి. ఇంత వెడల్పు చిమ్నీ వెనక నీళ్ళని రెండు పక్కలకీ మళ్ళించడానికి చిన్న రెండు వాలుల కప్పు, అంటే సాడిల్, కట్టాల్సింది. 75 సెంటీమీటర్లు దాటిన చిమ్నీకి అది లేకపోతే ఈ తంటా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

ఇక ముసురు లీకేజీ. దీనికి చేసిన ఏర్పాటే ఈ కేసులో అసలైన మలుపు. పై రేకు దూరిన జాయింట్‌కి ఒక ఇటుక వరస పైన చిమ్నీ చుట్టూ పాలిథీన్ షీటు అంటించి, కప్పు మీదికి గొడుగులా పరిచాం. చిమ్నీ నెత్తి మీది కాంక్రీటుకి కూడా విడిగా షీటు కప్పాం. ఇప్పుడు ఇటుక ముఖం మీద పడిన నీళ్ళు కిందికి జారితే షీటు మీదుగా చూరుకి పోతాయి. రేకుకి ఒక్క బొట్టు తగలదు. అయినా లోపల కారితే ఆ నీళ్ళు ఇటుకలోంచే రావాలి, వేరే దారి లేదు.

గాలివాన కొట్టే ముఖం మీద సన్నటి జల్లు పెట్టి వదిలేశాం. అరగంటకి ఏమీ లేదు. గంటకీ లేదు. ఇంకా ఎందుకు నీళ్ళు దండగ అన్నట్టు ఇంటివాళ్ళ అబ్బాయి చూశాడు. ఆగమన్నాను, ఎందుకంటే ఆవిడ నోట్‌బుక్‌లో ఏ ముసురూ మొదటి పూట కారలేదు. తర్వాత అటకలోంచి పిలుపు వస్తే నేనే దిగి వెళ్ళి చూశాను. కప్పు మట్టానికి రెండు వరసల కింద ఒక అడ్డ జాయింట్ ముదురు రంగుకి తిరిగింది. కాసేపటికి మెరిసింది. మాలు, ఇటుక కలిసే గీత వెంట గుండుసూది తలంత బొట్టు ఊరి, నిలబడి, పెద్దదై, ఉప్పు చార మీదుగానే కిందికి జారింది. పైన నీళ్ళు ఆపేశాక కూడా రాత్రిదాకా అలా ఊరుతూనే ఉంది.

ఇటుక కట్టడమూ మట్టికుండ లాంటిదే. నానుతుంది, నిండాక రెండో వైపు చెమరుస్తుంది. రేకు ఆపేది ఇటుక ముఖం మీద జారే నీటిని. ఇటుక లోపలికి దిగిన నీళ్ళు పై రేకు దూరిన ఒక అంగుళం గాడి వెనకనుంచి కిందికి పోతుంటే రేకుకి తెలియనే తెలియదు. దాన్ని ఆపాలంటే కప్పు పైన, చిమ్నీ మొత్తం మందంలో అడ్డంగా వేసిన రేకు ఉండాలి. ఇక్కడ కట్టినప్పుడే అది వేయలేదు.

నీళ్ళు ఇటుకలోకి అంతగా ఎందుకు దిగుతున్నాయో కూడా చూడాలి కదా. గీతలున్న చిన్న గాజు గొట్టాన్ని గోడకి అంటించి, నీళ్ళు పోసి, ఎంత వేగంగా ఇంకుతున్నాయో చూసే పరీక్ష ఒకటుంది. ఇటుక మీద పెడితే నీటి మట్టం కదలలేదు. జాయింట్ మీద పెడితే చూస్తుండగానే దిగిపోయింది. ఎవరో ఎప్పుడో చిమ్నీకి నీళ్ళు పట్టకుండా పారదర్శకమైన పూత వేశారు. ఆ పూత ఇటుకని మూసింది కానీ మాలుకీ ఇటుకకీ మధ్య వచ్చిన వెంట్రుకవాసి బీటల్ని మూయలేకపోయింది. బీటల్లోంచి దిగిన నీళ్ళు తిరిగి ఆవిరై పోవడానికి ఇటుక ముఖం మూసుకుపోయింది. లోపలే ఉప్పు గడ్డకట్టి, పూతతో సహా ఇటుక పెచ్చులూడిపోతోంది. మంచి ఉద్దేశంతో చేసిన పనే చిమ్నీని లోపల్నుంచి తినేస్తోంది. గోడ ఊపిరి పీల్చుకోనివ్వని పూతల మీద నాకు కోపం ఇందుకే.

నెత్తి మీది కాంక్రీటుని ఆరాక మరో రోజు విడిగా తడిపాం. గొట్టం చుట్టూ బీట, వాడని గొట్టం వైపు నీళ్ళు దిగుతున్నాయి. పైగా ఆ కాంక్రీటు ఇటుక ముఖంతో సమంగా ఆగిపోయింది, బయటికి చూరు లేదు. కాబట్టి నెత్తి మీద పడ్డ వానంతా సరాసరి ఆ బీటల ముఖం మీదుగానే పారుతోంది.

మరమ్మతు

"రేకే ఇంకోసారి గట్టిగా వేయిస్తే సరిపోదా అండీ?" అని అబ్బాయి అడిగాడు. అటకలో ఆ బొట్టు వీడియో చూపించాను. రేకుకి చుక్క తగలకుండా కారిన నీళ్ళు అవి. ఇంక ప్రశ్న రాలేదు.

జాయింట్లు మాత్రమే గీకి నింపి, నెత్తి సరిచేస్తే చౌకలో పోతుంది, కారడం బాగా తగ్గుతుంది కూడా. ఇటుక గట్టిగా ఉన్న చోట నేను ముందు అదే చెబుతాను. ఇక్కడ పైభాగంలో మాలు తాళంచెవితో గీకితే రాలుతోంది, ముఖం సగం పెచ్చులూడింది. కప్పు మీద మూడో వరస దాకా విప్పి మళ్ళీ కట్టడమే మేలని చెప్పాను, ఒప్పుకున్నారు.

విప్పిన మట్టంలో సీసపు రేకు అడ్డంగా పరిచాం. గొట్టాల చుట్టూ అంచు పైకి లేపి, బయటి అంచుని పై రేకు మీదికి దించాం. కొత్త మాలు సీసాన్ని తినేస్తుంది కాబట్టి రెండు వైపులా తారు పూత తప్పనిసరి. దాని పై వరసలో నీళ్ళు బయటికి పోవడానికి నిలువు జాయింట్లు కొన్ని ఖాళీగా వదిలాం. ఈ అడ్డ రేకు దగ్గర మాలు పట్టు తెగుతుంది, కాబట్టి పొడుగ్గా, సన్నగా ఉన్న చిమ్నీ అయితే గాలికి నిలుస్తుందో లేదో ముందే లెక్క చూసుకోవాలి. కొత్త మాలు ఇటుక కన్నా మెత్తగా, సున్నం వాటా ఎక్కువగా ఉండేలా కలిపాం. కింద మిగిలిన వరసల్లో జాయింట్ వెడల్పుకి రెట్టింపు లోతు గీకి నింపాం. నెత్తి మీద కాంక్రీటు 50 మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా పోసి, అడుగున నీటిబొట్టు తెగి పడటానికి గాడి తీశాం. గొట్టం వేడికి సాగుతుంది కాబట్టి దానికీ కాంక్రీటుకీ మధ్య సందు వదిలి సాగే సీలెంట్‌తో మూశాం.

పై రేకు కింది అంచుని పాతవాళ్ళు సిలికాన్‌తో అతికేశారు. అది పీకేశాం. లోపలికి పోయిన కాస్త నీళ్ళు బయటికి రావాల్సిన దారి అదే. వెనక సాడిల్ కట్టి, వాడని గొట్టం మీది రాయి తీసి గాలాడే మూత పెట్టి, కింద గదిలో చిన్న జాలీ పెట్టాం.

తర్వాత

తడిసిన ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి గోడకి వెంటనే రంగు వేయొద్దని గట్టిగా చెప్పాను. పని అయ్యాక వచ్చిన మొదటి పెద్ద ముసురు రోజుల్లో ఆవిడ నోట్‌బుక్ ఖాళీగా ఉంది, అటకలో ఉప్పు చారలు తుడిచిన చోట కొత్తవి రాలేదు. ఎగువ వాసంలో తేమ 15 శాతానికి దిగింది.

ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్‌ని మరక అంచు దాటి మూరెడు దూరం దాకా చెక్కించాను, ఒక్క మూల తప్ప. అక్కడ గోడకి బిగించిన అల్మారా ఉంది. దాన్ని కదిలించడం ఇష్టంలేక ఇంటివాళ్ళు వదిలేయమన్నారు. ఉక్కపోత రోజున అల్మారా పక్కన అరచేతి వెడల్పున గోడ ఇంకా నల్లబడుతోంది. అది కప్పు నుంచి వచ్చేది కాదని వాళ్ళకిప్పుడు తెలుసు కాబట్టి టెన్షన్ లేదు. రంగులు వేయించేటప్పుడు అల్మారా తీసి, ఆ ముక్క కూడా ఇటుక కనపడేదాకా చెక్కి, సున్నపు మాలుతో పూయాలి.